బొమ్మ, కథ, యుద్ధం: సింగరేణి పరిసర ప్రాంతాల బొమ్మల సంప్రదాయాలు – ఆధునిక యుద్ధక్రీడా ప్రతిమలు

వ్యాససంగ్రహం

బల్లమీద ఆడే కాల్పనిక యుద్ధక్రీడల్లో వాడే చిన్న ప్రతిమలను 'మినియేచర్లు' అంటారు. వీటిలో భారతీయ, ఆగ్నేయాసియా సంస్కృతుల నుండి రూపాలు తీసుకొన్నవి కొన్ని ఉన్నాయి. ఈ రూపస్వీకరణలో ఏది నిలుస్తున్నది, ఏది జారిపోతున్నది అన్న ప్రశ్నను, రామగుండం–గోదావరిఖని చుట్టూ ఉన్న బొమ్మల సంప్రదాయాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చేర్యాల నకాషీ బొమ్మలతో సాగే కాటమరాజు కథాప్రదర్శన, ఆదిలాబాద్ ఓజాల డోక్రా పోతపని, సమ్మక్క జాతర, గోండుల పెర్సపేన్ ఆరాధన ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: యుద్ధక్రీడ, చతురంగం, నకాషీ, మందహెచ్చులు, డోక్రా, పెర్సపేన్, సమ్మక్క, రాక్షసుడు.

1. ఉపోద్ఘాతం

1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 నుండి ఆ సంస్థ సింగరేణి కాలరీస్ పేరుతో కొనసాగింది. గోదావరి లోయ వెంట విస్తరించిన ఈ గనుల వరుసలో రామగుండం, గోదావరిఖని ప్రధాన కేంద్రాలు. ఈ ప్రాంతం గురించిన రచనల్లో బొగ్గు, విద్యుత్తు, కార్మికోద్యమం ప్రముఖంగా కనిపిస్తాయి. అయితే పటం మీద చూస్తే ఈ పట్టణాలు మూడు బొమ్మల కేంద్రాల నడుమ ఉన్నాయి. దక్షిణాన నకాషీలు నివసించే చేర్యాల, వాయవ్యాన కొయ్యబొమ్మలకు పేరుపొందిన నిర్మల్, ఉత్తరాన ఆసిఫాబాద్ జిల్లాలో ఓజాలు ఇత్తడి పోతపోసే ఉషేగాం, కేస్లాగూడ గ్రామాలు ఉన్నాయి. యుద్ధవీరులను, వారి పశువులను, ఏనుగులను, దేవతలను చిన్న రూపాల్లోకి తేవడం ఈ నేలకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఆ రూపాలను నియమావళి ప్రకారం ఆటలో కదిలించే పద్ధతి. ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న భేదమే ఇక్కడ పరిశీలనాంశం.

2. చతురంగం నుండి యుద్ధక్రీడ దాకా

యుద్ధక్రీడ మూలాలను వెదికితే దారి మళ్లీ భారతదేశానికే చేరుతుంది. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల సైన్యాన్ని అరవైనాలుగు గళ్ల మీద నిలిపిన చతురంగం ప్రస్తావన ఏడవ శతాబ్దపు బాణుని హర్షచరిత్రలోనే ఉంది. అది పడమరకు పారశీకం మీదుగా ఐరోపా చేరి చదరంగంగా స్థిరపడింది. తూర్పున బర్మాలో సిట్టుయిన్‌గా, థాయిలాండులో మక్రుక్‌గా నేటికీ జీవిస్తున్నది. జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ 1780లో చదరంగాన్నే పెంచి యుద్ధవిద్య నేర్పే ఆటగా మలిచాడు. ప్రష్యాలో రైస్విట్జ్ 1824లో ప్రచురించిన 'క్రీగ్స్‌ష్పీల్' సైనికాధికారుల శిక్షణకు ఉపయోగపడింది. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' ద్వారా బొమ్మ సైనికులతో ఆడే ఆటకు సామాన్యులకు అందే నియమాలు రాశాడు. 1974లో 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్', 1983లో 'వార్‌హామర్' వచ్చిన తరువాత చారిత్రక సైన్యాల సరసన కల్పిత జాతులు, మాంత్రికులు, వికృతజీవులు చేరారు.

భారతీయ రూపాలు ఈ పరిశ్రమలోకి మొదట వచ్చినది సామ్రాజ్య సైన్యంలో భాగంగానే. లండన్‌లోని బ్రిటన్స్ సంస్థ 1893 నుండి లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోసింది. ఆ బొమ్మల్లో బెంగాల్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఆ బొమ్మల్లో భారతీయుడు తలపాగాతో, ఈటెతో, పరాయి రాజు పక్షాన నిలిచిన సైనికుడు. కాల్పనిక క్రీడల కాలానికి ఆ స్థానం మారింది కాని దూరం తగ్గలేదు. వార్‌హామర్ కల్పిత ప్రపంచంలో 'ఇండ్' అనే దేశం ప్రధానంగా పటం మీది పేరుగానే మిగిలింది. 1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్'లో రాక్షసుడు పులితలతో కనిపించే దుష్టజీవిగా చేరాడు. ఆ తరువాతి బొమ్మల్లో ఆ పులితల రూపమే పదేపదే కనిపించింది.

3. మందహెచ్చుల బొమ్మలు: పేరున్న సైన్యం

తెలంగాణలో యుద్ధకథను బొమ్మల సముదాయంతో ప్రదర్శించే సంప్రదాయానికి మందహెచ్చుల కళారూపం ముఖ్య ఉదాహరణ. గొల్లలకు ఆశ్రితులైన మందహెచ్చులు కాటమరాజు కథను చెబుతారు. పదమూడవ శతాబ్దంలో పశువుల మేత పన్ను విషయమై కాటమరాజుకు, నెల్లూరు మనుమసిద్ధికి తగవు రేగడం, అది ఎర్రగడ్డపాడు యుద్ధానికి దారితీయడం, తిక్కన సోమయాజి జ్ఞాతి ఖడ్గతిక్కన ఆ పోరులో మరణించడం ఈ కథలో కీలక ఘట్టాలు. కథకుడు సన్నివేశానికి తగిన బొమ్మను బయటికి తీసి ప్రేక్షకుల ముందు నిలుపుతాడు. కథ సాగేకొద్దీ బొమ్మల వరుస పెరుగుతుంది.

ఈ బొమ్మలను చేసేది చేర్యాల నకాషీలు. తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల అంబలి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అవయవాలను దిద్ది, గుడ్డ అంటించి రంగులు వేస్తారు. కులపురాణాల పటాలను చిత్రించేది కూడా వీరే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు వీరి పటాలనే వాడారు. నకాషీ శైలిలో శరీరవర్ణం అలంకారం మాత్రమే కాదు. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు వన్నెలు, మానవులకు గులాబి ఛాయలు వాడడం సంప్రదాయం. రంగును చూసే ప్రేక్షకుడు పాత్ర స్వభావాన్ని గ్రహిస్తాడు.

యుద్ధక్రీడా ప్రతిమతో పోల్చినప్పుడు రెండు భేదాలు స్పష్టమవుతాయి. మొదటిది రంగుకు సంబంధించినది. క్రీడాప్రతిమ సాధారణంగా రంగు లేకుండా అమ్ముడవుతుంది. కొన్నవాడే తన ఇష్టప్రకారం రంగు వేసుకుంటాడు. అక్కడ వర్ణం యజమాని అభిరుచి, ఇక్కడ వర్ణం సముదాయం ఎరిగిన అర్థం. రెండవది పేరుకు సంబంధించినది. క్రీడలో ఇరవై మంది పదాతులు ఒకే దళం. వారికి బలం, రక్షణ, ధైర్యం సూచించే అంకెలు ఉంటాయి గాని ఒక్కొక్కరికి పేరు అవసరం లేదు. మందహెచ్చుల పెట్టెలోని ప్రధాన బొమ్మలకు పేరు ఉంది, వంశం ఉంది, చావుకు కారణం ఉంది. ఆ కథ వినే గొల్లలకు ఆ వీరులు తమ పూర్వులు. అందుచేత అక్కడ బొమ్మ కిందపడితే దళంలో ఒక అంకె తగ్గదు, ఒక బంధువు నేలకూలుతాడు.

4. మైనం కరిగిన చోట: ఓజాల పోతపని

నిర్మాణపద్ధతి కూడా అర్థాన్ని నిర్ణయిస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా ఓజాల వృత్తి. మట్టితో లోపలి అచ్చు చేసి, దాని మీద తేనెమైనపు దారాలను చుట్టి రూపం దిద్ది, పైన మళ్లీ మట్టి పూస్తారు. కాల్చినప్పుడు మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక మట్టిని పగులగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అంటే ప్రతి బొమ్మకూ దాని అచ్చు ఒక్కసారే పనికొస్తుంది. అదే ఏనుగును మరోసారి చేయాలంటే మొదటినుండి చేయవలసిందే.

లోహపు క్రీడాప్రతిమల పద్ధతి దీనికి భిన్నం. శిల్పి రెండు పాళ్ల ఎపాక్సీ ముద్దతో మూలరూపం చేస్తాడు. దానిచుట్టూ రబ్బరును వేడితో గట్టిపరచి అచ్చు తీస్తారు. ఆ అచ్చును వేగంగా తిప్పుతూ తగరపు మిశ్రమలోహం పోస్తారు. అచ్చు పాడయ్యేదాకా ఒకే రూపం మళ్లీమళ్లీ వస్తుంది. ప్లాస్టిక్ అచ్చులు, కంప్యూటరు మీద చెక్కి రెసిన్‌తో ముద్రించే పద్ధతి వచ్చాక ఈ పునరుత్పత్తి మరింత సులువైంది. 28 మిల్లీమీటర్ల సైనికుడికి ఈ పద్ధతి అవసరమే. ఏకరూపత లేకుంటే దళం దళంగా కనిపించదు. కాని అదే పద్ధతిలో ఒక పూర్వీకుడిని, ఒక కులదేవతను పోతపోసినప్పుడు ఆ మూర్తి పేరు కోల్పోయి 'రకం'గా మారుతుంది. వస్తువు అచ్చులోనే అర్థం మార్పు మొదలవుతుంది.

5. రాక్షసుడు ఎవరికి శత్రువు?

ఈ మార్పు తీవ్రంగా కనిపించేది రాక్షస ప్రతిమలో. తెలుగువారికి రాక్షసుడు ఒకే రకం జీవి కాడు. 1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు పాండవుల బిడ్డ, అభిమన్యుడికి అన్న, ఇంటిల్లిపాదీ మెచ్చే ఆప్తుడు. విభీషణుడు ధర్మపక్షపాతి. గోండుల్లో రావణుణ్ణి పూజ్యుడిగా, పూర్వీకుడిగా తలచే వర్గాలు ఉన్నాయి. జావా తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్‌లోనూ, ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటలోనూ రాక్షసపాత్ర మాట్లాడుతుంది, వాదిస్తుంది, నవ్విస్తుంది, దుఃఖిస్తుంది. నియమావళిలో చేరిన పులితల రాక్షసుడికి ఈ మాట లేదు. అతడికి మిగిలింది దాడిబలం, చంపితే దక్కే ఫలం.

దీన్ని కేవలం పరాయివారి అజ్ఞానంగా తీసిపారేయడం సరికాదు. ఆటకు శత్రువు కావాలి. శత్రువుకు కొలవదగిన బలం కావాలి. చతురంగం కూడా సైన్యాన్ని పేర్లు లేని అంగాలుగానే విడదీసింది. అయితే చతురంగంలోని ఏనుగు ఎవరి దైవమూ కాదు. జీవించి ఉన్న ఒక సముదాయం తన పూర్వుడిగా కొలిచే వ్యక్తిని 'వికృతజీవుల పట్టిక'లో చేర్చినప్పుడే తగవు మొదలవుతుంది.

6. బొమ్మకు లొంగని వీరులు

గనుల ప్రాంతపు ఆచారాలు మరొక హద్దును చూపుతాయి. కాకతీయ సైన్యంతో పోరాడినట్లు ప్రసిద్ధమైన సమ్మక్కకు మేడారంలో విగ్రహం లేదు. చిలకలగుట్ట నుండి తెచ్చే కుంకుమ భరిణే ఆమె. గోదావరిఖనిలో గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరకు గనికార్మిక కుటుంబాలు తరలివస్తాయి. గోండుల గోత్రదేవత పెర్సపేన్‌ను సూచించేవి ఇనుప ఈటెమొన, చామరం. 1948లో వెలువడిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లో హైమండార్ఫ్ ఈ ఆరాధనను విస్తారంగా వర్ణించాడు. గోండులకు సన్నిహితులైన ఓజాలు లోహంలో ఎన్ని రూపాలైనా పోయగలరు. అయినా గోత్రదైవానికి మానుషరూపం ముఖ్యం కాలేదు. ఇది నైపుణ్యలోపం వల్ల వచ్చినది కాదు, ఒక ఎంపిక. ఈ ప్రాంతపు యుద్ధస్మృతిలో అత్యంత పూజ్యమైనది బొమ్మగా మారడానికి అంగీకరించలేదు.

అందుచేత భారతీయ ప్రేరణతో ప్రతిమలు రూపొందించేవారు ఆభరణాలు, ఆయుధాలు, అంబారీలు మాత్రమే చూస్తే సరిపోదు. ఏ రూపానికి కథ ఉంది, ఆ కథ చెప్పే హక్కు ఎవరిది, ఏది అసలు రూపాన్నే నిరాకరిస్తుంది అన్న ప్రశ్నలు కూడా రూపకల్పనలో భాగం కావాలి.

7. కథకుడి కాలం, కార్మికుడి కాలం

ఈ చర్చను గతవైభవ కీర్తనగా ముగించడానికి వీలులేదు. ఆశ్రితకులాల కథాగానం గ్రామంలోని పోషక కులాల మీద, వారిచ్చే త్యాగం మీద ఆధారపడింది. పోషకుల సంతానం గనిలో మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టులుగా పనిచేసే కూలీలైనప్పుడు రాత్రుల తరబడి సాగే కథకు సమయం కుదరడం కష్టం. కథ తగ్గితే బొమ్మకు గిరాకీ తగ్గుతుంది. చేర్యాల పనివారు గోడకు తగిలించే చిన్న పటాలకు, అలంకార ముఖాలకు మళ్లడంలో ఈ ఒత్తిడిని చూడవచ్చు. ఇంటి షోకేసులో నిలిచిన కాటమరాజు బొమ్మకూ, దుకాణంలోని క్రీడాప్రతిమకూ అప్పుడు పెద్ద తేడా ఉండదు. రెండింటికీ రూపం ఉంది, పలికించే గొంతు లేదు. పేరు పోవడానికి పరదేశపు నియమావళే కారణం కానక్కరలేదు. స్వదేశపు సంత కూడా ఆ పని చేయగలదు.

8. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. యుద్ధక్రీడా ప్రతిమల మూలాల్లో చతురంగం ఉన్నా, భారతీయ రూపాలు ఆధునిక పరిశ్రమలోకి సామ్రాజ్య సైనికులుగా, తరువాత వికృతజీవులుగా ప్రవేశించాయి.

2. మందహెచ్చుల బొమ్మలు తెలుగునేల మీద యుద్ధాన్ని సూక్ష్మరూపంలో నిలిపిన ఒక సజీవ సంప్రదాయం. వాటిని నడిపించేది అంకెల పట్టిక కాదు, బంధుత్వం తెలిసిన కథ.

3. డోక్రాలో పగిలే అచ్చు ప్రతి బొమ్మను ప్రత్యేకం చేస్తుంది. రబ్బరు అచ్చు దళాన్ని సృష్టిస్తుంది. రూపకర్త ఏ పద్ధతిని ఏ మూర్తికి ఎంచుకుంటాడన్నది అర్థానికి సంబంధించిన నిర్ణయం.

4. సమ్మక్క, పెర్సపేన్ ఆరాధనలు రూపకల్పనకు హద్దు ఉందని తెలుపుతున్నాయి.

చేర్యాల, నిర్మల్, ఉషేగాం కళాకారులను కేవలం నమూనాల ఆకరంగా కాక, కథ తెలిసిన సహరచయితలుగా గుర్తించి పనిలో, ఫలంలో భాగం ఇస్తే, ఈ నేల నుండి వెలువడే యుద్ధక్రీడాప్రతిమకు ఆయుధంతో పాటు పేరు కూడా మిగులుతుంది.