ఆగిన స్కూలు బస్సును దాటిపోవడం (బళ్ళారి జిల్లా)

పిల్లలను ఎక్కించుకోవడానికో దించడానికో రోడ్డు మీద ఆగిన స్కూలు బస్సును వేగం తగ్గించకుండా దాటిపోయే డ్రైవర్లపై చర్య తీసుకోవడం బళ్ళారి జిల్లాలో చట్టం అమలుకు కష్టమైన అంశం. స్కూలు బస్సు ఆగితే వెనకొచ్చే బండి కూడా ఆగి తీరాలని చెప్పే సెక్షన్ మోటారు వాహనాల చట్టం, 1988లో లేదు. ప్రమాదకరమైన డ్రైవింగ్‌ను శిక్షించే 184వ సెక్షనే ఇక్కడ ప్రధాన ఆధారం.

హోసపేట నుంచి తోరణగల్లు, కుడితిని మీదుగా వచ్చే 67వ జాతీయ రహదారి బళ్ళారి దాటి గుంతకల్లు, గుత్తి వైపు సాగుతుంది. సిరుగుప్ప నుంచి చళ్ళకెర వైపు పోయే 150ఎ రహదారి కూడా బళ్ళారి మీదుగానే వెళ్తుంది. సండూరు ఇనుప ఖనిజం, తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఉన్న జిల్లా కాబట్టి లారీల రాకపోకలు ఎక్కువ. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలిన జిల్లాలో ఎక్కువ భాగం మైసూరులో, అంటే ఇప్పటి కర్ణాటకలో, కలిసింది. హద్దు గీసినా బంధుత్వాలు, బేరాలు రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అన్న కుటుంబాలు ఇక్కడ మామూలే.

ప్రమాదం ఎలా ముంచుకొస్తుందో తెలియాలంటే ఏదైనా ఊరి స్టాపు దగ్గర కాసేపు నిలబడాలి. మన బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి, బస్సు తలుపూ ఎడమవైపే. ఇల్లు రోడ్డుకు అటు పక్కన ఉన్న పిల్ల బస్సు దిగి, ముందు బంపరు పక్కనుంచి నడిచి రోడ్డు దాటాలి. ఒకటో తరగతి పిల్ల తల బస్సు ముందు అద్దం అంచుకు కూడా అందదు. వెనకనుంచి కుడివైపుకు తిప్పి ఓవర్‌టేక్ చేసే లారీ డ్రైవరుకు బస్సు వీపు తప్ప ఏమీ కనపడదు, పిల్ల కనపడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. ఆ క్షణంలో పిల్లకు దిక్కు క్లీనరే. ముందుగా తను దిగి, బస్సు కుడి మూలకు వచ్చి, ఒక చెయ్యి బండ్లకు అడ్డం పెట్టి, రెండో చేత్తో పిల్ల సంచీ పట్టుకుని దాటిస్తాడు. అతను చెయ్యెత్తితే ఆగి తీరాలని ఏ సెక్షనూ చెప్పదు. పసిపిల్ల ప్రాణం ఎదుటి డ్రైవరు మంచితనానికి వదిలేయడం అన్యాయం.

నిబంధనలు లేక కాదు, కానీ అవి ఎక్కువగా బస్సు గురించే. 1997 నవంబరు 18న ఢిల్లీలో స్కూలు బస్సు యమునలో పడి పిల్లలు చనిపోయాక, ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ నెలలోనూ డిసెంబరులోనూ ఆదేశాలిచ్చింది. పసుపు రంగు, కిటికీలకు అడ్డ కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, అయిదేళ్ల అనుభవమున్న డ్రైవరు వంటివన్నీ అక్కడివే. ఢిల్లీలో లారీలు ఇతర నాలుగు చక్రాల బండ్లను ఓవర్‌టేక్ చేయరాదని కూడా ఆ కోర్టే చెప్పింది, ఈ మాటకు మాత్రం అంత ప్రచారం రాలేదు. కర్ణాటక 2012లో స్కూలు పిల్లల వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. సరిహద్దు అవతల ఆంధ్రలో 185-జి నిబంధన ప్రకారం బస్సు పైభాగం నాలుగు మూలలా పసుపుపచ్చ ఫ్లాషింగ్ లైట్లు ఉండాలి, పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అవి వెలగాలి. ఆ వెలుగు చూసి ఆగాల్సిన బాధ్యత వెనక బండి మీద స్పష్టంగా పెట్టి ఉంటే అది ఎంతో విలువైన నిబంధన అయ్యేది.

అమెరికాలో ఆ బాధ్యత పెట్టారు. న్యూజెర్సీలో ఎర్ర దీపాలు వెలిగించి ఆగిన బస్సుకు కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలి, మధ్యలో డివైడరు లేకపోతే ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు లైసెన్సుకు చదివే పుస్తకంలోనే ఇది ఉంటుంది. అయినా 2022–23 విద్యా సంవత్సరంలో దేశమంతటా 4.35 కోట్ల ఉల్లంఘనలు జరిగి ఉంటాయని, బస్సు డ్రైవర్లు ఒక్కరోజు లెక్కపెట్టిన దాన్నిబట్టి అంచనా కట్టారు. అందుకే చాలా రాష్ట్రాలు బస్సుకే కెమెరా బిగించడానికి అనుమతిచ్చాయి.

బళ్ళారిలో కేసు పెట్టాలంటే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ పనికొస్తుంది. చట్టవిరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని 184వ సెక్షన్ వివరణలో పేరుపెట్టి చేర్చారు. మొదటి తప్పుకు 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 206వ సెక్షన్ కింద పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని, దాన్ని నిలిపివేయడానికో రద్దు చేయడానికో పంపాలి. జరిమానాకన్నా ఈ అధికారానికే లారీ డ్రైవరు భయపడతాడు, ఎందుకంటే లైసెన్సు పోతే అతని బతుకుతెరువు పోతుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది, అయితే అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటుంది.

అసలు చిక్కు సాక్ష్యం దగ్గర. 2021లో వచ్చిన 167ఎ నిబంధన కెమెరాలు పెట్టమన్న 132 నగరాల్లో అనంతపురం, కర్నూలు ఉన్నాయి, బళ్ళారి లేదు. రద్దీ, ప్రమాదాలు ఎక్కువున్న జాతీయ, రాష్ట్ర రహదారులు దాని కిందికి వస్తాయి గానీ పల్లె రోడ్లు రావు. కేఏ-34 బండి అయినా ఏపీ-39 బండి అయినా ఈ-చలానా యజమాని పేరుమీదికి వెళ్తుంది, అంటే సరిహద్దు దాటినంత మాత్రాన తప్పించుకోలేరు. కానీ ముందు నంబరు దొరకాలి. లారీ పోయాక క్లీనరు రోడ్డు మధ్యలోంచి దాని వెనక ప్లేటు వైపు చూస్తాడు. ఎర్ర దుమ్ము కప్పేసిన ప్లేటు మీద ఒకటో రెండో అంకెలు కనిపిస్తాయి.