మే 8: ఒక ముల్కులో జష్న్, ఒక ముల్కులో మాతం

ఫ్రాన్స్ సెలవుల జాబితాలో మే 8 కనబడితే నాకు సెతీఫ్ యాదికొస్తుంది. 1945లో ఆ రోజు నాజీ జర్మనీ ఓడిపోయిందని ఫ్రాన్స్ జష్న్ చేసుకుంది. అదేరోజు ఫ్రెంచి హుకూమత్ కింద ఉన్న అల్జీరియాలో, సెతీఫ్ పట్టణ ముసల్మానులు జులూస్ తీశారు. ఆ జంగ్‌లో ఫ్రాన్స్ తరఫున వాళ్ల బిడ్డలూ నెత్తురు ధారపోశారు. ఇక మాకూ ఆజాదీ కావాలన్నారు. అల్జీరియా జెండా మోసిన బూజిద్ సాల్ అనే నౌజవాన్‌ను పోలీసులు కాల్చి చంపారు. జనం తిరగబడ్డారు, వందమంది దాకా యూరోపియన్లు హతమయ్యారు. బదులుగా ఫౌజు వారాల తరబడి వేలమందిని బలిగొంది.

ఫ్రాన్స్‌లో మధ్యలో రద్దయిన ఆ సెలవు 1981లో మళ్లీ వచ్చింది. అల్జీరియా 2020లో అదే తారీఖును జాతీయ స్మృతి దినంగా ప్రకటించింది. మన పిల్లలకు పండుగల తవారీఖ్ చెప్పేటప్పుడు, ఆ రోజు ఏ ఇంటినుంచి జనాజా లేచిందో కూడా చెబుదాం.