వేణు రంధ్రం – గమక సౌందర్యం

తూత్తుకుడి జిల్లాలో కోవిల్పట్టికి చేరువనున్న ఎట్టయపురం కర్ణాటక సంగీత చరిత్రలో చిరస్మరణీయమైన స్థలం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఇచ్చటనే పరమపదించారు. వారి వంశీయులైన సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులై, ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే బృహద్గ్రంథాన్ని తెలుగులో రచించారు. అది 1904లో ఇచ్చటి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలోనే అచ్చయినది. స్వరాలతోపాటు గమకాలకు కూడ ప్రత్యేక సంకేతాలను చూపుట ఆ గ్రంథ విశిష్టత. గమకం లేనిదే రాగం పూర్ణస్వరూపం పొందదు.

వీణలో తంత్రిని లాగి గమకం పలికింపవచ్చును. వేణువుకు తంత్రి లేదు. వెదురు గొట్టం, ఊదుటకు ఒక ముఖరంధ్రం, కర్ణాటక సంప్రదాయంలో ఎనిమిది స్వరరంధ్రాలు – ఇంతే దాని నిర్మాణం. కనుక గమకమంతా ఆ రంధ్రాన్ని వ్రేలు ఎంతమేర మూసినది, ఎంతమేర తెరచినది అనుదానిపైనను, ఊదే పెదవుల నేర్పుపైనను ఆధారపడి ఉన్నది.

తెరచిన రంధ్రం పెద్దదైనకొలది గొట్టంలోని గాలి స్తంభం పొట్టిదైనట్లు ప్రవర్తించి, శ్రుతి హెచ్చుతుంది. అందుచేతనే వేణువును తయారుచేయువారు కాల్చిన ఇనుపకమ్మితో మొదట చిన్న రంధ్రమే చేసి, శ్రుతి చూచుకొనుచు ఆకురాయితో మెల్లమెల్లగా పెద్దది చేస్తారు. అధికంగా అరగదీసినచో ఆ శ్రుతిని దించుట సులభం కాదు. చిన్న రంధ్రాన్ని మూయుట తేలిక. కాని నాదం సన్నగిల్లుతుంది, వ్రేలు జరుపుటకు చోటు తక్కువ. పెద్ద రంధ్రంలో నాదం గంభీరం, గమకానికి చోటు విశాలం. అయితే వ్రేలు ఏమాత్రం తొలగినను గాలి జారి స్వరం చెడుతుంది.

వేణువును కచేరీ వేదికపై ప్రధానవాద్యంగా నిలిపిన కుంభకోణం శరభశాస్త్రి, ‘ప్రదర్శిని’ వెలువడిన 1904లోనే కీర్తిశేషులయ్యారు. ఆయన శిష్యులు పల్లడం సంజీవరావు ఆ బాణీని కొనసాగించారు. అటుపిమ్మట టి.ఆర్. మహాలింగం (1926–1986) వ్రేళ్ళను పట్టే తీరునే మార్చి, గాత్రంలోని గమకాలను వేణువుచే పలికించారు. హిందూస్థానీ సంగీతంలో పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవైన వేణువును, పెద్ద రంధ్రాలను ఆశ్రయించి మంద్రస్థాయి గాంభీర్యాన్ని సాధించారు.

పాశ్చాత్యులను కూడ ఈ సమస్య వేధించినది. 1831లో లండన్‌లో ఛార్లెస్ నికల్సన్ పెద్ద రంధ్రాల కొయ్య వేణువును వినిపింపగా, జర్మన్ శిల్పి థియోబాల్డ్ బోమ్ ఆ నాదపుష్టికి ఆశ్చర్యపడ్డాడు. వ్రేళ్ళకు అందని చోట్ల సైతం పెద్ద రంధ్రాలు ఉంచి, వాటిని మూయుటకు మీటలు అమర్చి, 1832లో కొత్త వేణువును రూపొందించాడు. శ్రుతికి, బలానికి అది మేలే. మన వేణువు మాత్రం మీటల వైపు పోలేదు. రంధ్రాన్ని సగం, పాతిక తెరవగల మెత్తని వ్రేలికొన మీటకు లేదు కదా!

ఆ వ్రేలికొన సాధించవలసిన గమకాలను తెలుగు లిపిలో పదిలపరచిన గ్రంథం ఈ నేలపైననే పుట్టినది. దానిని మూలంలోనే చదువుకొనగల భాగ్యం ఈ ప్రాంతపు తెలుగు బిడ్డలకు అక్షరాభ్యాసంతోనే లభించినది. ఆ లిపి వారి చేతులనుండి జారిపోకుండ కాపాడుకొనుట పెద్దలందరి కర్తవ్యం.