మ్యాపు మీద మన ఇళ్ళు

మా ఊరి తెలుగు సంఘంలో ఒక పెద్దాయన నన్నడిగారు: "బాబూ, నువ్వు చేసేది లొకేషన్ డేటా పనే కదా, మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ ఒక మ్యాపు మీద పెట్టి ఇవ్వరాదూ? తెలుగు బడి ఎక్కడ పెడితే బాగుంటుందో తెలుస్తుంది." పేర్లు తీసేసి చుక్కలు పెడితే చాలనుకుని సరేనన్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాక 1942 గుర్తొచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ ఉత్తర్వు మీద సంతకం చేశారు. దాంతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్ళు, అందులో ఎక్కువమంది ఈ దేశంలో పుట్టిన పౌరులే, ఇళ్ళూ వ్యాపారాలూ వదిలి ముళ్ళకంచెల శిబిరాలకు వెళ్ళారు. ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో సైన్యానికి చెప్పింది 1940 జనాభా లెక్కలు. పేర్లు ఇవ్వలేదు. ఏ బ్లాకులో ఎంతమందో అంకెలు మాత్రం ఇచ్చారు. తరలింపుకి అవే పనికొచ్చాయి. 2000లో సెన్సస్ బ్యూరో డైరెక్టర్ కెనెత్ ప్రెవిట్ క్షమాపణ చెప్పారు.

పేర్లివ్వలేదన్న మాటా పూర్తిగా నిలవలేదు. 1943లో వాషింగ్టన్ నగరంలోని జపాన్ సంతతివాళ్ళ పేర్లు, చిరునామాలు ట్రెజరీ శాఖకు వెళ్ళాయని 2007లో మార్గో ఆండర్సన్, విలియం సెల్ట్‌జర్ అనే పరిశోధకులు బయటపెట్టారు. విచిత్రమేమిటంటే అది చట్టవిరుద్ధం కాదు. 1942 మార్చిలో వచ్చిన యుద్ధకాలపు చట్టం సెన్సస్ గోప్యతను అప్పటికే పక్కన పెట్టేసింది.

ఇది సర్కారు సంగతి, మనకేమిటి అంటారేమో. 2011-2014 మధ్య టెక్సాస్, జార్జియా, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో ఒక ముఠా ఆసియా, భారతీయ కుటుంబాల జాబితాలు పెట్టుకుని ఇళ్ళలో జొరబడి దోచుకుంది. నాయకురాలికి 2019లో 37 ఏళ్ళ శిక్ష పడింది. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని ఒకరు చెప్పాలా!

ఇక ఫోన్లు బ్లాకు దగ్గర ఆగవు. కార్పెంటర్ కేసులో పోలీసులు వారంటు లేకుండా 127 రోజుల్లో ఒక మనిషి ఫోను ఉన్న చోట్లు 12,898 సంపాదించారు. 2018లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వారంటు ఉండాల్సిందే అంది.

2020 సెన్సస్‌లో బ్లాకుల అంకెల్లో కావాలనే చిన్న చిన్న తేడాలు కలిపి, రాష్ట్రాల మొత్తం జనాభాను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచారు. నాది అంత పెద్ద విద్య కాదు. చుక్కలు తీసేసి జిప్ కోడ్ వారీగా లెక్క వేశాను, పది కుటుంబాలలోపు ఉన్నచోట ఖాళీ వదిలాను.

పెద్దాయన చూసి, "మా జిప్‌లో ఎవరూ లేనట్టుందేమిటయ్యా?" అన్నారు.

"మీరున్నారు కనకే అండీ" అన్నాను. ఆయన కాసేపు నవ్వలేదు.

బడికి చిరునామాలు అవసరమే పడలేదు. రెండు లైబ్రరీలు చెప్పి, దేనికి ఎన్ని నిమిషాల డ్రైవో ఒక్కో కుటుంబాన్ని అడిగాం.