బెర్ముడా ఓడవిహారాలు: ఒకే రేవులో మకాం

క్రూజ్ అంటే మామూలుగా రోజుకో రేవు. పొద్దున దిగి ఊరు చుట్టిరావడం, చీకటి పడేలోపు ఓడ ఎక్కడం, తెల్లారేసరికి మరో దీవి. కరీబియన్ సముద్రంలో తిరిగే ఓడలు చాలావరకు ఇదే పద్ధతిలో నడుస్తాయి. న్యూయార్క్, బోస్టన్ వంటి అమెరికా తూర్పుతీర నగరాల నుంచి బెర్ముడాకు వెళ్లే ఓడల తీరు వేరు. అవి ఒకే రేవులో రెండు మూడు రోజులు కట్టేసి ఉంటాయి. ప్రయాణికులు పగలు దీవిమీద తిరిగి రాత్రికి ఓడలోని తమ గదికే వచ్చి పడుకుంటారు. ఓడే వాళ్లకు హోటలు. ఈ ఆనవాయితీకి దాదాపు వందేళ్ల వయసుంది. దాన్ని పుట్టించిన కారణాలు కొన్ని ఎప్పుడో పోయాయి, కొత్తవి వచ్చి చేరాయి, ఆనవాయితీ మాత్రం నిలిచింది.

దూరం లెక్క

బెర్ముడా ఉత్తర అట్లాంటిక్ పడమటి భాగంలో ఒంటరిగా ఉన్న బ్రిటిష్ భూభాగం. దాదాపు 180 చిన్నా పెద్దా దీవులు కలిసినా విస్తీర్ణం 54 చదరపు కిలోమీటర్లే. ముఖ్యమైన దీవుల మధ్య వంతెనలు ఉండటంతో పటంలో ఒకే గాలపు ముల్లులా కనిపిస్తుంది. అన్నిటికంటే దగ్గరి నేల అమెరికాలోని కేప్ హాటెరస్. అదీ వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. కరీబియన్ దీవులు ఇంకా దక్షిణాన, ఇంకా దూరాన ఉన్నాయి. బెర్ముడాను కరీబియన్‌లో భాగమనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

న్యూయార్క్ నుంచి ఇక్కడికి సముద్రం మీద సుమారు 700 నాటికల్ మైళ్లు. 18 నుంచి 20 నాట్ల వేగంతో వెళ్లే ఓడకు ఒకటిన్నర రోజు పైచిలుకు పడుతుంది. అంటే రెండు రాత్రులు, వాటి మధ్య ఒక పగలు. తిరుగు ప్రయాణానికీ అంతే. వారం రోజుల యాత్రలో రానూపోనూ ఖర్చయ్యే కాలాన్ని తీసేస్తే మిగిలేది రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో ఇంకో దీవికి పోదామంటే చుట్టూ దీవులు లేవు. బహామాస్‌లోని నసావుకో, ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌కో పోవాలంటే మళ్లీ సముద్రం మీద రోజులు గడపాలి. కాబట్టి ఓడ కదలకుండా ఉండటానికి మొదటి కారణం బెర్ముడాలో చూడదగినవి ఎక్కువ కావడం కన్నా, దాని చుట్టుపక్కల ఏమీ లేకపోవడం. కదలని ఓడకు ఇంధనం ఖర్చూ తగ్గుతుంది. దీపాలకు, వంటకు, చల్లదనానికి కావలసిన కరెంటు మాత్రం రేవులోనూ ఆగకుండా పుట్టించుకోవాలి.

ఉల్లిపాయల నుంచి యాత్రికుల దాకా

స్పానిష్ నావికుడు హువాన్ డి బెర్ముడెజ్ పదహారో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఈ దీవులను చూశాడు. 1609లో వర్జీనియాకు పోతున్న సీ వెంచర్ అనే ఇంగ్లిష్ ఓడ ఇక్కడి పగడపు దిబ్బలకు తగిలి ఆగిపోయింది. 1612లో సెయింట్ జార్జ్ పట్టణం వెలిసింది. ఆ తరువాతి రెండు శతాబ్దాలు ఓడల నిర్మాణం, ఉప్పు వ్యాపారం, నౌకాదళపు కోటలతో గడిచిపోయాయి. 1815లో రాజధాని హామిల్టన్‌కు మారింది.

ప్రస్తుత విషయానికి అసలు మొదలు ఉల్లిపాయ. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో బెర్ముడా ఉల్లికి న్యూయార్క్ అంగళ్లలో మంచి పేరుండేది. వాటిని, బంగాళాదుంపలను, ఈస్టర్ లిల్లీ పూలను మోసుకుపోవడానికి క్విబెక్ స్టీమ్‌షిప్ కంపెనీ స్టీమర్లు క్రమంగా రాసాగాయి. అవే చలికాలం తప్పించుకోవాలనుకునే కాస్త డబ్బున్న అమెరికన్లను తీసుకొచ్చాయి. విక్టోరియా రాణి కూతురు, కెనడా గవర్నర్ జనరల్ భార్య అయిన ప్రిన్సెస్ లూయీస్ 1883లో ఇక్కడ శీతాకాలం గడిపింది. ఆమె గౌరవార్థం 1885లో హామిల్టన్‌లో ప్రిన్సెస్ హోటలు తెరిచారు. కొంతకాలానికి టెక్సాస్ రైతులు తమ ఉల్లికీ అదే పేరు పెట్టుకుని అమ్మసాగారు. తరువాత అమెరికా సుంకాలు కూడా తోడై బెర్ముడా ఉల్లి దెబ్బతింది. దీవికి యాత్రికుడే ప్రధాన పంటయ్యాడు.

ఆ తొలి యాత్రికుల్లో దీవిని అందరికంటే అంటిపెట్టుకున్నవాడు అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్. 1867లో క్వేకర్ సిటీ ఓడలో మొదటిసారి వచ్చి, 1910లో చనిపోవడానికి కొద్దిరోజుల ముందువరకు వస్తూనే ఉన్నాడు. దీవి స్వర్గమే కానీ దాన్ని చేరడానికి పడే బాధ అంతా ఇంతా కాదని ఆయన ధోరణి. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం దాటేటప్పుడు కడుపులో తిప్పించుకున్న వారెవరైనా కాదనరు. 1908లో దీవిలోకి మోటారు కార్లు రానివ్వొద్దంటూ అర్జీ రాసినవాడు వుడ్రో విల్సన్, అప్పటికింకా అమెరికా అధ్యక్షుడు కాలేదు. దాని కింద ట్వేన్ సంతకం చేశాడు. ఆ ఏడాదే కార్లను నిషేధించారు. 1946 వరకు దీవిలో గుర్రబ్బళ్లు, సైకిళ్లే దిక్కు. 1931 నుంచి 1948 వరకు ఒక చిన్న రైలు కూడా నడిచింది. ఈ నెమ్మదితనం చూసి ముచ్చటపడ్డ యాత్రికులు ఇక్కడ ఒక పూటతో సరిపెట్టుకునేవారు కారు.

ఫర్నెస్ కాలం

రేవులో మకాం అనే పద్ధతికి రూపం ఇచ్చింది ఫర్నెస్ విదీ అనే బ్రిటిష్ కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో అది క్విబెక్ కంపెనీ స్థానంలోకి వచ్చింది. ఈ దారిలో తిరిగిన 1904 నాటి బెర్ముడియన్ ఓడను కొని ఫోర్ట్ హామిల్టన్ అని పేరు మార్చింది. ఆస్ట్రేలియా తీరంలో తిరిగిన విలోక్రా, వాండిల్లా అనే రెండు ఓడలను తెచ్చి ఫోర్ట్ విక్టోరియా, ఫోర్ట్ సెయింట్ జార్జ్ అంది. ఓడలు నడపడంతోనే కంపెనీ ఆగలేదు. దీవిలో భూములు కొంది, మిడ్ ఓషన్ క్లబ్ గోల్ఫ్ మైదానం వేయించింది, హోటళ్లలో పెట్టుబడి పెట్టింది. ఓడ టికెట్టు కొన్నవాడు దీవిలో ఎక్కడ దిగినా డబ్బు కంపెనీకే వచ్చే ఏర్పాటిది. తెలివైన వ్యాపారం.

కాలమూ కలిసొచ్చింది. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం. న్యూయార్క్‌లో గొంతు తడుపుకోలేని వాడికి, రెండు రాత్రుల ప్రయాణంలో దొరికే బ్రిటిష్ నేల చిన్న ఆకర్షణ కాదు.

అయితే ఫర్నెస్ కథలో దెబ్బలూ ఉన్నాయి. 1929 డిసెంబరులో ఫోర్ట్ విక్టోరియాను న్యూయార్క్ రేవు ముంగిట పొగమంచులో అల్గాంక్విన్ అనే ఓడ ఢీకొంది. ఓడ మునిగింది, మనుషులంతా బతికారు. అంతకు ముందు 1927లో బెల్ఫాస్ట్‌లో కట్టించిన బెర్ముడా అనే పెద్ద మోటారు ఓడ 1931 జూన్‌లో హామిల్టన్ రేవులోనే నిప్పంటుకుని కాలింది. బాగుచేయడానికి బెల్ఫాస్ట్ పంపితే నవంబరులో అక్కడా కాలింది. ఆఖరికి తుక్కుకింద అమ్మి లాక్కెళుతుంటే స్కాట్లాండ్ తీరంలో రాళ్లకు కొట్టుకుంది. ఒక ఓడకు ఇన్ని గండాలు అరుదు.

ఆ రోజుల్లోనే వచ్చింది ఈ దారిలో అత్యుత్తమ జోడీ: 1931 నాటి మొనార్క్ ఆఫ్ బెర్ముడా, 1933 నాటి క్వీన్ ఆఫ్ బెర్ముడా. ఒక్కొక్కటి 22,000 టన్నుల పైమాట. మూడేసి పొగగొట్టాలు, వాటిలో మూడోది ఉత్తుత్తిదే, అందం కోసం పెట్టింది. 700 మందికి పైగా చోటు. ప్రతి గదికీ సొంత స్నానాలగది ఉండటం ఆ రోజుల్లో వార్త. కొత్తగా పెళ్లయిన జంటలు ఎక్కువగా రావడంతో వీటికి హనీమూన్ ఓడలని పేరొచ్చింది. 1934 సెప్టెంబరులో న్యూజెర్సీ తీరంలో మోరో కాసిల్ ఓడ తగలబడినప్పుడు దారిన పోతున్న మొనార్క్ పడవలు దించి 71 మందిని కాపాడింది.

తరువాతివాళ్లందరూ అనుసరించిన కాలపట్టిక ఈ ఓడలదే. శనివారం మధ్యాహ్నం న్యూయార్క్‌లో బయలుదేరడం, సోమవారం ఉదయం హామిల్టన్ చేరడం, బుధవారం దాకా అక్కడే ఉండటం, శుక్రవారానికి తిరిగి న్యూయార్క్. ఒక రోజు శుభ్రం చేసుకుని, సరుకు నింపుకుని, మళ్లీ శనివారం బయలుదేరడం. ఏడు రోజుల చక్రం. వారం తిరిగేసరికి అదే రోజు, అదే గంట. సెలవు పెట్టుకునే గుమస్తాకూ, సరుకు కొనుక్కునే వ్యాపారికీ, ఉత్తరాలు పంపే తపాలా కచేరీకీ ఇంతకంటే సులువైన పట్టిక ఉండదు. రెండు రాత్రులు ఓడలోనే పడుకునే వందలమందికి దీవిలో పడకలు వెతకనక్కర్లేదు. బెర్ముడాలో నదులు లేవు. మెట్లు మెట్లుగా కట్టి సున్నం వేసిన తెల్లటి ఇంటికప్పుల మీద పడిన వాన కింది తొట్టిలోకి చేరితేనే ఇంట్లో నీళ్లు. అలాంటి చోట అతిథి తన పడకతో సహా రావడం ఇంటివాళ్లకు హాయి.

ఓడ హామిల్టన్ చేరే దృశ్యం ఆ కాలపు విశేషం. టూ రాక్ పాసేజ్ అనే ఇరుకు దారిలో రెండు చిన్న దీవుల మధ్య నుంచి దూరి, ఫ్రంట్ స్ట్రీట్‌ను ఆనుకుని నిలిచేది. ప్రయాణికుడు నిచ్చెన దిగి రోడ్డు దాటితే ఎదురుగా వరండాల దుకాణాలు. 1842 నుంచి ఉన్న ట్రిమింగమ్స్‌లో ఇంగ్లిష్ స్వెటరు కొనుక్కుని, ఆకలేస్తే మళ్లీ రోడ్డు దాటి ఓడ భోజనశాలకు. దుకాణాల కప్పులకంటే ఎత్తుగా వెనక పొగగొట్టాలు.

రెండో యుద్ధంలో రెండు ఓడలూ సైనిక సేవకు వెళ్లాయి. మొనార్క్ 1947లో మరమ్మతులో ఉండగా కాలిపోయి, వేరే పేర్లతో వేరే దారులకు పోయింది. క్వీన్ 1949లో తిరిగొచ్చింది. 1951లో ఓషన్ మొనార్క్ అనే చిన్న ఓడ తోడైంది. 1961-62లో క్వీన్‌కు మూడు పొగగొట్టాలు తీసి ఒకటే పెట్టారు.  అప్పటికే విమానాలు ప్రయాణికులను లాగేసుకుంటున్నాయి. 1937లోనే నీటిమీద దిగే విమానాలు న్యూయార్క్ నుంచి వచ్చేవి. యుద్ధకాలంలో అమెరికా కట్టిన కిండ్లీ ఫీల్డ్ అనే విమానస్థావరం తరువాత పౌరవిమానాలకూ పనికొచ్చింది. అమెరికా కోస్ట్‌గార్డ్ అగ్నిభద్రత నిబంధనలు కట్టుదిట్టం చేయడంతో 1966లో ఫర్నెస్ రెండు ఓడలనూ విరమింపజేసింది.

తరువాతి దశ

ఓడలు పోయినా పట్టిక పోలేదు. హోమ్ లైన్స్, హాలండ్ అమెరికా ఓడలు దాన్ని అందుకున్నాయి. బెర్ముడా ప్రభుత్వం ఏ కంపెనీకి, ఎన్ని ఓడలకు అనుమతి ఇవ్వాలో ఒప్పందాలతో కట్టడి చేసింది. గ్రీకు కుటుంబ సంస్థ చాండ్రిస్ ఈ బెర్ముడా ఒప్పందం చూసుకునే సెలెబ్రిటీ అనే కొత్త పేరుతో ఉన్నతశ్రేణి క్రూజ్‌లు మొదలుపెట్టింది. 1990లో దాని మెరిడియన్ ఓడ ఈ దారిలో దిగింది.

ఈ దారిలో జరిగిన ఒక ప్రమాదం నావికా పాఠాల్లోకి ఎక్కింది. 1995 జూన్ 10న సెయింట్ జార్జ్ నుంచి బోస్టన్ వెళుతున్న రాయల్ మెజెస్టీ నాంటకెట్ దగ్గర ఇసుకదిబ్బ ఎక్కింది. జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. యంత్రం అంచనాతో చోటు చూపిస్తుంటే అధికారులు అదే నిజమని నమ్మారు. ఓడ దారి తప్పింది 17 మైళ్లు.

అమెరికా చట్టం కూడా బెర్ముడాకు మేలు చేస్తుంది. 1886 నాటి ప్రయాణిక నౌకల చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయరాదు. బయలుదేరిన రేవుకే తిరిగివచ్చే విహారమైనా మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి. క్రూజ్ ఓడలు చాలావరకు బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో ఉంటాయి. న్యూయార్క్ ఓడకు బెర్ముడా ఒక్కటి తాకితే చట్టం తీరుతుంది, రెండో రేవు అక్కర్లేదు. 2004లో న్యూజెర్సీలోని బేయాన్‌లో కేప్ లిబర్టీ రేవు తెరుచుకున్నాక అక్కడి నుంచీ ఈ యాత్రలు సాగుతున్నాయి. తెలుగువాళ్లు గుంపుగా ఉన్న ఎడిసన్‌కు అది దగ్గరే.

రేవు మాత్రం మారింది. ఓడలు పెరిగి హామిల్టన్ ఇరుకుదారిలో పట్టని స్థితికి వచ్చాయి. దాంతో దీవి పడమటి కొసన ఉన్న పాత రాయల్ నావల్ డాక్‌యార్డ్‌కు మకాం తరలింది. ఇది పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ నుంచి తెచ్చిన ఖైదీల చేత రాళ్లు కొట్టించి కట్టించిన నౌకాస్థావరం. 1951లో మూతపడింది. 2009లో ఇక్కడ ఓడలు ఆగే కింగ్స్ వార్ఫ్ పక్కనే హెరిటేజ్ వార్ఫ్ కట్టి, రెండు మహానౌకలకు ఒకేసారి చోటు చేశారు. 2013లో వచ్చిన నార్వేజియన్ బ్రేక్‌అవే ఒక్కటే 1,46,000 టన్నుల ఓడ, నాలుగువేల మంది ప్రయాణికులది. ఇక్కడ దిగినవాళ్లు రోడ్డు దాటి ఊళ్లోకి పోలేరు, ఫెర్రీలో హామిల్టన్‌కు ఇరవై నిమిషాలు పోవాలి. 2005లో మూతపడ్డ ట్రిమింగమ్స్ ఈ ఓడల కాలాన్ని చూడనేలేదు.

చాలాకాలం ఓడలోని జూదశాల రేవులో ఉన్నన్నాళ్లూ మూసి ఉండాలన్నది దీవి నియమం. మూడు రోజులు మూసి ఉంటే కంపెనీకి నష్టం, మకాం పొడిగించడానికి అదొక అడ్డంకి. 2013లో చట్టం తెచ్చి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఐదు వరకు తెరుచుకోవచ్చన్నారు. పగలు యాత్రికుడు దీవిమీద ఖర్చుపెడతాడు, రాత్రి ఓడలో.

సెయింట్ జార్జ్‌కు మాత్రం ఇందులో వాటా తగ్గిపోయింది. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ పట్టణానికి సముద్రం నుంచి దారి టౌన్ కట్ అనే సన్నని కాలువ. నేటి మహానౌకలు అందులో దూరవు. దాన్ని వెడల్పు చేయాలన్న ఆలోచనలు పలుమార్లు వచ్చి ఆగాయి. చిన్న ఓడలు ఎప్పుడైనా వచ్చిపోతాయి. మిగతావాళ్లు పడమటి కొస నుంచి ఫెర్రీ ఎక్కి, తూర్పు కొసకు వచ్చి, ఆ పాత వీధులు చూసి, సాయంత్రానికి మళ్లీ ఓడ చేరుకుంటారు.