అధ్యాపకుల లెక్క: మన దేశం, చైనా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. నేను ఇంజనీరునే గానీ చరిత్రకారుణ్ణి కాను. అయినా చాలా ఏళ్లుగా నన్ను వదలని ఒక ప్రశ్న ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

2009లో మా థర్మల్ కేంద్రంలో చైనా బాయిలర్ బిగిస్తున్నప్పుడు, ఆ దేశపు సీనియర్ ఇంజనీరు ఒకాయన ఏడాది మాతో ఉన్నారు. 1977 పరీక్ష రాసి కాలేజీలో చేరినవాణ్ణని గర్వంగా చెప్పుకునేవారు. ఒకనాడు భోజనాల దగ్గర, "మీ కాలేజీలో మీ బ్రాంచికి ఎంతమంది టీచర్లుండేవారు?" అని అడిగారు. సగం పోస్టులు ఖాళీగా ఉండేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత లెక్కలు వెతకడం మొదలుపెట్టాను.

రెండు దేశాలూ ఇంచుమించు ఒకేచోట బయలుదేరాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకు 20 విశ్వవిద్యాలయాలు, సుమారు 500 కళాశాలలు. 1949లో చైనాకు ఉన్నత విద్యాసంస్థలు 205, విద్యార్థులు 1.17 లక్షలు, అధ్యాపకులు 16 వేలు. అంతకుముందే ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. దారి చూపేవారికి మనకేమీ కొదవ లేదు.

చైనా మధ్యలో పెద్ద దెబ్బ తిన్నది. 1966లో సాంస్కృతిక విప్లవంతో కళాశాల ప్రవేశ పరీక్ష ఆగిపోయింది. ఎందరో అధ్యాపకులను పొలం పనులకు పంపారు. పదకొండేళ్ల తర్వాత, 1977 డిసెంబరులో పరీక్ష మళ్లీ పెడితే సుమారు 57 లక్షల మంది రాశారు. సీట్లు దొరికింది 2.7 లక్షల మందికే. మా చైనా మిత్రుడు అందులో ఒకరు.

1978లో అక్కడి పూర్తికాలపు అధ్యాపకులు 2.06 లక్షలు. 1998కి 4.07 లక్షలయ్యారు. 1999లో ప్రవేశాలను ఒక్కసారిగా 10.8 లక్షల నుంచి దాదాపు 16 లక్షలకు పెంచారు. తరగతులు కిక్కిరిశాయి. కానీ అధ్యాపకుల నియామకాలూ వెంట నడిచాయి. 2008కి 12.37 లక్షలు, 2022కి 19.78 లక్షలు.

మన అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో అధ్యాపకులు 15.98 లక్షలు, విద్యార్థులు 4.33 కోట్లు. 2022లో చైనా విద్యార్థులు 4.65 కోట్లు. అంటే మనకు ఒక్కో అధ్యాపకునికి 27 మంది, వారికి 23 లేక 24 మంది. నేను భయపడినంత తేడా లేదు. అయితే వారిది పూర్తికాలపువారి లెక్క. మన లెక్కలో కాంట్రాక్టువారూ, తాత్కాలికులూ కలిసి ఉంటారు.

ఈ తేడా కాగితం మీద కనబడదు. 1990ల తర్వాత మన తెలుగునాట ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వెల్లువెత్తినప్పుడు, నిన్న బీటెక్ పాసైన కుర్రాడే నేడు లెక్చరర్‌గా పాఠం చెప్పడం మనందరం చూసిందే. 2018లో ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కళాశాలలకు 15 మందికి ఒకరనే నిబంధనను 20 మందికి ఒకరుగా సడలించింది. ఆ ఒక్క మార్పుతో చాలా చోట్ల కొరత కాగితాల్లోంచి మాయమైంది.

మన 1986 పదో తరగతి బ్యాచ్‌లో లెక్కల్లో నాకంటే ఎప్పుడూ పది మార్కులు ముందుండే మిత్రుడు ఒకడున్నాడు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు. పంతొమ్మిదేళ్లు గంటల లెక్కన జీతానికి ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి, చివరికి మానేసి ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. సర్వే పట్టికలో వాడు ఒక అంకె అయి ఉండవచ్చు. వాడి పాఠం విన్నవాళ్లకు మాత్రం వాడు మాస్టారే. నేను ఇంజనీరునయ్యాను, వాడు దుకాణదారుడయ్యాడు. ఇందులో నా గొప్పా లేదు, వాడి తప్పూ లేదు.

మన సంఘం ఏటా ఇచ్చే ఉపకార వేతనాలు ఎక్కువగా ఇంజనీరింగ్, మెడిసిన్ చదివే పిల్లలకే పోతున్నాయి. పాఠం చెప్పాలనే కోరికతో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసే మన బడి పిల్లలకు ఈ ఏడాది నుంచి ఒకటి కేటాయించాలని నా మనవి. మొదటి ఏడాది మొత్తం నేనిస్తాను. ఎంపిక కమిటీలో నా మిత్రుణ్ణి కూర్చోబెట్టాలన్నది ఒక్కటే నా షరతు.