లండన్ – సిడ్నీ విమాన మార్గం

ఇంగ్లండును ఆస్ట్రేలియాతో కలిపే ఈ సుదూర విమాన మార్గానికి కంగారూ మార్గమని పేరు. రెండు నగరాల మధ్య అతి దగ్గర దారి సుమారు 17,000 కిలోమీటర్లు. ఒకప్పుడు నెల రోజులు పట్టిన ప్రయాణం ఒక రోజుకు దిగివచ్చింది. విమానాల వేగం పెరగడమొక్కటే ఇందుకు కారణం కాదు, దారిలో మజిలీలు తగ్గడం అంతకంటే పెద్ద కారణం.

ముప్పై రోజుల్లోగా ఇంగ్లండు నుంచి విమానంలో మొదట వచ్చిన ఆస్ట్రేలియన్లకు 10,000 పౌన్ల బహుమతి ఇస్తామని 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్కులతో కలిసి నవంబరు 12న లండన్ దగ్గరి హౌన్‌స్లోలో బయలుదేరి, కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా డిసెంబరు 10న డార్విన్ చేరారు. జావాలోని సురబయలో వాళ్ళ వికర్స్ విమీ విమానం బురదలో కూరుకుపోయింది. ఊరివాళ్ళు ఇచ్చిన వెదురు చాపలను నేల మీద వరసగా పరిచి, దాన్నే రన్‌వేగా చేసుకుని పైకి లేచారు. అదే పోటీలో మరో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఈ మార్గం చరిత్రలో వారినీ తలచుకోవాలి.

1935లో లండన్ – బ్రిస్బేన్ ప్రయాణికుల సర్వీసు మొదలైంది. మొత్తం పన్నెండున్నర రోజులు. అందులో ఐరోపా మీద కొంత దూరం రైల్లోనే వెళ్ళాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సింగపూరును పట్టుకోవడంతో దారి తెగిపోయింది. 1943 నుంచి ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ కాటలీనా పడవ విమానాలు పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు ఎక్కడా ఆగకుండా ఎగిరాయి. శత్రువుకు చిక్కకుండా రేడియోను మౌనంగా ఉంచి, నక్షత్రాలను చూసి దిక్కు లెక్కగట్టేవారు. ఇంధనం బరువు వల్ల ముగ్గురు ప్రయాణికులకే చోటు. వాటిలో అతి సుదీర్ఘ ప్రయాణానికి 32 గంటల 9 నిమిషాలు పట్టింది. గాలిలో ఉండగానే రెండు సూర్యోదయాలు చూసేవారు గనుక వీటికి ‘డబుల్ సన్‌రైజ్’ అని పేరు వచ్చింది. ఈ మార్గంలో ఇంతకు మించిన సాహసం మరొకటి లేదు.

1947 డిసెంబరు 1న లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో సిడ్నీలో లేచి, డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల్లో లండన్ చేరింది. తర్వాత జెట్ విమానాలు వచ్చాయి, మజిలీలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

1989 ఆగస్టులో బోయింగ్ 747-400 లండన్ నుంచి సిడ్నీకి ఏకబిగిన 20 గంటల 9 నిమిషాల్లో ఎగిరింది. అది టిక్కెట్లు అమ్మిన సర్వీసు కాదు. ఇంధనం ఆదా కోసం విమానాన్ని రన్‌వే దాకా లాక్కెళ్ళారు. 2018లో పెర్త్ – లండన్ మధ్య, 14,498 కిలోమీటర్ల దూరానికి, ఆగకుండా వెళ్ళే నిత్య సర్వీసు మొదలైంది. పెర్త్ నుంచి లండన్‌కు సుమారు 17 గంటలు. పైగాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి గనుక సాధారణంగా లండన్ వైపు ప్రయాణానికే ఎక్కువ సమయం పడుతుంది.

సిడ్నీ నుంచే నేరుగా లండన్‌కు ఎగరాలని 2022లో క్వాంటాస్ పన్నెండు ఎయిర్‌బస్ ఎ350-1000 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. వాటిలో అదనపు ఇంధన ట్యాంకు అమర్చి, సీట్లను 238కే పరిమితం చేశారు.